పాత కారుకు బ్రేకు, సస్పెన్షన్ భాగాలు ఎలా ఎంచుకోవాలి? గోదావరి డెల్టాలో బండి నడిపేవారి కోసం

పదిహేనేళ్లు నిండిన కారు ఎంత దూరం తిరిగిందో మీటరు చూస్తే తెలుస్తుంది గానీ, దాని బ్రేకులూ సస్పెన్షనూ ఏ స్థితిలో ఉన్నాయో తెలియదు. గోదావరి డెల్టాలో ఈ మాట మరింత నిజం. కాలువ గట్టు పక్కన నిలిపే బండికి తేమ వదలదు. అంతర్వేది, ఓడలరేవు, మొగల్తూరు వైపు అయితే దానికి ఉప్పుగాలి తోడవుతుంది. రొయ్యల చెరువుల నుంచి వచ్చే లారీలు దారి పొడవునా ఉప్పునీరు కార్చుకుంటూ పోతాయి, వరద రోజుల్లో లంక గ్రామాల రోడ్ల మీద చక్రం సగం వరకూ నీళ్లలోనే నడపవలసి వస్తుంది. అందువల్ల ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉంటూ 40,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగిన మారుతి 800 లోనైనా రబ్బరు గొట్టాలు, సీళ్లు (ఆయిలు కారకుండా ఆపే రబ్బరు వలయాలు), బుష్షులు (సస్పెన్షన్ కీళ్లలో కుదుపు మింగే రబ్బరు దిమ్మలు) పూర్తిగా చివికిపోయి ఉండవచ్చు.

మనం సాధారణంగా కంటికి కనిపించేవాటినీ చెవికి వినిపించేవాటినీ మాత్రమే మారుస్తాం. ప్యాడ్లు కీచుమంటే ప్యాడ్లు మారుస్తాం, గుంతలో పడి దబ్బుమంటే షాక్ అబ్జార్బర్లు మారుస్తాం. ఏ చప్పుడూ చేయని బ్రేక్ ఆయిలు, గొట్టం, సిలిండరు లోపలి సీలు మాత్రం బండి అమ్మేదాకా అలాగే ఉండిపోతాయి. ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా ఇవే. కాబట్టి ఇక్కడ చెప్పబోయే క్రమంలో చప్పుడు చేయనివి ముందు వస్తాయి, చప్పుడు చేసేవి తర్వాత వస్తాయి. డబ్బంతా ఒకేసారి పెట్టలేనివారు కూడా ఇదే క్రమంలో ఖర్చు చేయాలని నా గట్టి అభిప్రాయం.

దుకాణానికి వెళ్లే ముందు బండి కింద చూడండి

మన ఒండ్రు నేల మీద, అందులోనూ వాన వెలిసిన రోజుల్లో, జాకీ పెడితే దాని పాదం నెమ్మదిగా దిగబడుతుంది. అందుచేత గట్టి సిమెంటు నేల మీదకు బండిని తెచ్చుకోండి, అది లేకపోతే జాకీ కిందా స్టాండ్ల కిందా మందపాటి బల్లచెక్క వేయండి. మిగతా చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టండి. జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి ఏ పరిస్థితిలోనూ దూరవద్దు.

చక్రం గాలిలోకి లేచాక దానిని పైనా కిందా పట్టుకొని ఊపి చూడండి. లూజు కనిపిస్తే, ఇంకొకరిని బ్రేకు తొక్కిపట్టమని చెప్పి మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆ లూజు పోతే తప్పు చక్రం తిరిగే హబ్ బేరింగ్‌లో ఉన్నట్టు, తొక్కినా అలాగే ఉంటే చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింటులోనో సస్పెన్షన్ బుష్షులోనో ఉన్నట్టు. తర్వాత కుడి ఎడమల పట్టుకొని ఊపండి. ఈ దిశలో మాత్రమే ఆట ఉంటే ముందు చక్రాలకు, స్టీరింగును చక్రంతో కలిపే టై రాడ్ ఎండును అనుమానించాలి. ఈ చిన్న పరీక్ష చేయకుండా "ముందు భాగంలో చప్పుడు వస్తోంది" అని మాత్రమే చెప్పి షెడ్డులో బండి వదిలితే, అవసరం లేని షాక్ అబ్జార్బర్లు మారిపోయి, అవసరమైన బాల్ జాయింటు మిగిలిపోవడం ఎన్నోసార్లు చూశాను.

ఇదే సమయంలో చక్రాల దగ్గర ఉండే ప్రతి రబ్బరు బ్రేకు గొట్టాన్నీ చేతితో కొద్దిగా వంచి, వంపు బయటి అంచును టార్చి వెలుగులో చూడండి. వంచినప్పుడు సన్నని బీటలు నోళ్లు తెరుచుకుంటే, లేదా చివర ఇనుప టోపీ దగ్గర తుప్పు ఉబ్బి రబ్బరును నొక్కుతూ ఉంటే, ఆ గొట్టం ఆయుష్షు అయిపోయింది. పైకి నున్నగా ఉన్నంత మాత్రాన లోపల కూడా బాగుందని అనుకోవడానికి లేదు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. నా పాత చిన్న కారులో, అమలాపురం నుంచి రాజోలు చేరేసరికి ఎడమ ముందు చక్రం రిమ్ము చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. ఒక షెడ్డులో ప్యాడ్లు మార్చారు, నెల తిరగకముందే ఎడమవైపు ప్యాడు మళ్లీ అరిగిపోయింది. రెండోసారి వెళితే ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ మార్చాలన్నారు, అదీ మార్చాం, వేడి మాత్రం తగ్గలేదు. చివరకు పెద్ద వయసున్న ఒక మెకానిక్, చక్రం పట్టేసి ఉన్న స్థితిలోనే కాలిపర్ మీది బ్లీడర్ స్క్రూను (ఆయిలును, గాలిని బయటికి వదిలే మరను) పావు చుట్టు విప్పారు. సన్నగా ఆయిలు చిమ్మింది, అప్పటిదాకా రెండు చేతులతోనూ కదలని చక్రం ఒక్క వేలితో తిరిగింది. ఆయన ఆ గొట్టం తీసి మధ్యకు కోసి చూపించారు. లోపలి రబ్బరు ఉబ్బి పొరలుగా విడిపోయి, సూది దూరేంత సందు మాత్రమే మిగిలింది. పెడలు తొక్కినప్పుడు ఆ ఒత్తిడికి ఆయిలు ముందుకు పోతోంది, పాదం తీశాక వెనక్కి రావడానికి దారి లేదు. తక్కువ ఖరీదు చేసే గొట్టాన్ని గమనించకపోవడం వల్ల ఒక జత ప్యాడ్లు, ఒక కాలిపర్ అనవసరంగా కొన్నాను.

కాబట్టి మీ బండిలో ఒక చక్రం మాత్రమే వేడెక్కుతుంటే, ఏ భాగమూ కొనకముందు ఈ పరీక్ష చేయించండి. బ్లీడర్ విప్పగానే చక్రం వదిలితే ఒత్తిడి గొట్టంలోనో దాని పైనో నిలిచిపోతోందని అర్థం. విప్పినా వదలకపోతే కాలిపర్ పిస్టన్ గానీ, కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు గానీ తుప్పు పట్టి బిగిసిపోయాయని అర్థం. ముందు చక్రాలు రెండూ ఒకేలా పట్టేస్తుంటే, పెడలు తొక్కినప్పుడు ఆయిలును గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండరును, పెడలుకు ఉండవలసిన ఖాళీ ఆటను చూడాలి.

బ్రేక్ ఆయిలు, గొట్టాలు, సిలిండర్లు

మన కార్లలో వాడే బ్రేక్ ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంటుంది. డాట్ అనేది ఆ ఆయిలు తరగతికి గుర్తు. కొత్త డాట్ 3 ఆయిలు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పీల్చిన తర్వాత ఆ హద్దు 140 కి పడిపోతుంది. డాట్ 4 కు ఈ అంకెలు 230, 155. డెల్టా అంతా చదునైన నేల, ఎక్కడా ఘాట్ రోడ్డు లేదు గనుక ఆయిలు మరిగే పరిస్థితి మనకు రోజూ ఎదురుకాదు. అందుకే దీనిని ఎవరూ పట్టించుకోరు. అయితే పిల్లలతో మారేడుమిల్లి ఘాట్ దిగే రోజో, తిరుమల కొండ దిగే రోజో వస్తుంది. అప్పుడు వరుసగా తొక్కే బ్రేకుల వేడికి ఆయిలులోని నీరు ఆవిరై, పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంది. ఇంట్లో ఉన్న బండికి జరిగే నష్టం వేరు. ఆ నీరే సిలిండర్ల లోపలి గోడలకు తుప్పు పట్టించి చిన్న చిన్న గుంటలు పెడుతుంది, ఆ గుంటల మీద రుద్దుకొని సీళ్లు చిరుగుతాయి.

మూత తీసి చూసినప్పుడు లేత పసుపు రంగులో ఉండవలసిన ఆయిలు కషాయంలా కనిపిస్తే ఆలోచించకుండా మార్చండి. రంగు బాగున్నా మన ప్రాంతంలో రెండేళ్లకు మించి ఉంచవద్దు. ట్యాంకు మూత మీద గానీ యజమాని పుస్తకంలో గానీ ఏ రకం రాసి ఉందో అదే వాడండి. డాట్ 3 ఉన్న బండిలో డాట్ 4 పోయడం సాధారణంగా ఇబ్బంది కాదు. డాట్ 5 అని ఉండేది సిలికాన్ ఆయిలు, దానిని వీటితో కలపకూడదు. డాట్ 5.1 అనేది మళ్లీ వేరే రకం, పేరు చూసి పొరబడవద్దు. చిన్న కారులో ఆయిలు పూర్తిగా మార్చడానికి అర లీటరు నుంచి లీటరు దాకా పడుతుంది. సీలు ఉన్న చిన్న డబ్బాలు కొనండి, షెడ్డులో సగం వాడి మూత పెట్టి ఉంచిన డబ్బాలోది మాత్రం వద్దని మర్యాదగానే చెప్పండి. ఆయిలు కారు రంగు మీద పడితే వెంటనే నీటితో కడగాలి, లేకపోతే పెయింటు లేచిపోతుంది.

పెడలు తొక్కుతూ గొట్టాల్లోని గాలి (ఎయిర్) తీసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పాత మాస్టర్ సిలిండరులో పిస్టన్ రోజూ తిరిగే భాగం నున్నగా ఉంటుంది, దానికి అవతల ఎప్పుడూ తిరగని చోట తుప్పు, మడ్డి పేరుకొని ఉంటాయి. పెడలును అడుగంటా తొక్కితే సీలు ఆ గరుకు మీదికి వెళ్లి చిరుగుతుంది, అప్పటిదాకా బాగున్న మాస్టర్ సిలిండరు ఆ రోజే పాడవుతుంది. పెడలు కింద చిన్న చెక్కముక్క పెట్టి, సగం లోతు వరకే తొక్కమని చెప్పండి.

సిలిండర్ల విషయంలో రిపేరు కిట్టు వేయాలా, మొత్తం సిలిండరు మార్చాలా అన్న ప్రశ్న వస్తుంది. వెనక డ్రమ్ములోని వీల్ సిలిండరుకైతే నా సలహా స్పష్టం: దాని చివర రబ్బరు టోపీని కొద్దిగా ఎత్తితే లోపల తడి కనిపిస్తే మొత్తం సిలిండరే మార్చండి, ఎడమదీ కుడిదీ కలిపి మార్చండి. గుంటలు పడిన సిలిండరులో కొత్త సీలు వేస్తే ఒక వర్షాకాలం కూడా గడవదు. కాలిపర్‌లో సీలు తన గాడిలో కదలకుండా కూర్చుని పిస్టనే దాని మీద జరుగుతుంది గనుక, పిస్టన్ మీది క్రోమ్ పూత నిగనిగలాడుతూ ఉంటే కిట్టు చాలు. పూత లేచి మచ్చలు పడితే పిస్టన్ కూడా మార్చాలి. మాస్టర్ సిలిండరును పరీక్షించడానికి ఇంజను నడుస్తుండగా పెడలును ఒకే బలంతో నిమిషం పాటు నొక్కి ఉంచండి. ఎక్కడా కారకుండానే పెడలు మెల్లగా కిందికి జారిపోతుంటే లోపలి సీళ్లు ఒత్తిడి నిలపడం లేదన్నమాట.

సీళ్లను పెట్రోలుతోగానీ కిరోసిన్‌తోగానీ కడగడం, వాటికి మామూలు గ్రీజు పూయడం చాలా చోట్ల అలవాటు. ఈ నూనెలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. శుభ్రమైన బ్రేక్ ఆయిలుతోనే తడిపి బిగించాలి, కాలిపర్ స్లైడ్ పిన్నులకు సిలికాన్ గ్రీజు వాడాలి.

నేల కింద పోయే ఇనుప పైపులను కూడా క్లిప్పుల దగ్గర గీరి చూడండి. బురద నిలిచేదీ తుప్పు పట్టేదీ అక్కడే. తుప్పు పైపొర వరకే ఉంటే శుభ్రం చేసి రంగు వేయవచ్చు, పైపు సన్నబడితే మార్చాలి. ఫ్రిజ్ మరమ్మతులకు వాడే మామూలు రాగి గొట్టం వేయడానికి గానీ, మధ్యలో రబ్బరు ముక్కతో అతకడానికి గానీ ఒప్పుకోవద్దు.

సరైన భాగాన్ని గుర్తుపట్టడం

ఇప్పుడు కొనుగోలు సంగతికి వద్దాం. "2006 మోడల్ చిన్న కారుకు ముందు ప్యాడ్లు కావాలి" అని అడిగితే దుకాణదారు ఇచ్చేది మీ బండికి సరిపోతుందో లేదో కేవలం అదృష్టం. ఒకే మోడల్‌లో ఏబీఎస్ (గట్టి బ్రేకులో చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్నవాటికీ లేనివాటికీ భాగాలు వేరుగా ఉండవచ్చు. ఒకే ఏడాదిలో మధ్యలో మార్పు జరిగి ఉండవచ్చు, ఒకే కంపెనీ ఇద్దరు సరఫరాదారుల కాలిపర్లు వాడి ఉండవచ్చు. అందుచేత ఆర్‌సీలో ఉండే ఛాసిస్ నంబరును రాసుకొని, కంపెనీ విడిభాగాల కౌంటరులో దానితో పార్టు నంబరు తెలుసుకోండి. అక్కడే కొనకపోయినా ఆ నంబరు చేతిలో ఉంటే మిగతా దుకాణాల్లో మీ మాటకు బలం ఉంటుంది. రెండో ఆధారం విప్పిన పాత భాగం. దానిని శుభ్రం చేసి సంచిలో వేసుకొని వెళ్లి, కౌంటరు మీద కొత్తదాని పక్కన పెట్టి, బోల్టు రంధ్రాల దూరం, మందం, వంపు, దారాల వరుస, కుడి ఎడమల తేడా పోల్చండి. లోయర్ ఆర్ములకు (చక్రాన్ని కిందివైపున బండికి కలిపే ఉక్కు చేతులు), చాలా బండ్లలో స్ట్రట్లకు (స్ప్రింగుతో కలిసి ఉండే షాక్ అబ్జార్బర్లు) కూడా కుడి ఎడమలు వేరు. ప్యాడ్లలో లోపలిది బయటిది, డ్రమ్ము లోపల రాసుకునే షూలలో ముందుది వెనకది వేరుగా ఉంటాయి. పాత బండి మీ చేతికి రావడానికి ముందే ఎవరైనా తప్పు భాగం బిగించి ఉండే అవకాశం ఉన్నందున, పాత భాగం ఒక్కదాన్నే నమ్మకుండా నంబరుతో కూడా సరిచూసుకోవాలి.

అంబాసడర్ తయారీ, మారుతి 800 తయారీ కూడా 2014 లోనే ఆగిపోయాయి. ఇలాంటి బండ్లకు దొరికే పాత నిల్వ సరుకులో లోహపు భాగాలకూ రబ్బరు భాగాలకూ తేడా చూడాలి. గ్రీజు కాగితంలో చుట్టి పదేళ్లుగా అల్మారాలో ఉన్న డ్రమ్ము గానీ, హబ్ గానీ, లోయర్ ఆర్ము ఉక్కు గానీ నిరభ్యంతరంగా కొనవచ్చు, నేటి చవక సరుకు కంటే అదే మేలు. అదే పదేళ్ల నాటి సీలు కిట్టు, బ్రేకు గొట్టం, బుష్షు అయితే "కంపెనీ డబ్బా" అని మురిసిపోవద్దు. డబ్బా మీది తయారీ నెల చూడండి, రబ్బరును గోటితో నొక్కండి. గోటి గుర్తు పూడిపోవాలి. పూడకపోయినా, గట్టిగా గాజులా తగిలినా వదిలేయండి.

బజారులో స్థూలంగా మూడు రకాలు దొరుకుతాయి. మొదటివి కారు కంపెనీ పేరుతో వచ్చే జెన్యూన్ భాగాలు. రెండోవి, కారు కంపెనీలకు సరఫరా చేసే తయారీదారులే తమ పేరుతో అమ్మేవి. బ్రేక్స్ ఇండియా, రానే, సుందరం బ్రేక్ లైనింగ్స్, గాబ్రియేల్ వంటి పేర్లు ఈ కోవలోవి. మూడోవి పేరు ఊరు లేని లోకల్ సరుకు. నా తీర్పు ఇది: ఆయిలు నిలిపే భాగాలు, ప్యాడ్లు, షూలు, బాల్ జాయింటు, టై రాడ్ ఎండు మొదటి రెండు రకాలలోనే కొనాలి, ఇందులో రాజీ వద్దు. మడ్ ఫ్లాపు, స్ట్రట్ దుమ్ముతొడుగు లాంటివి లోకల్ అయినా కొంప మునగదు. పేరున్న డబ్బాలకు నకళ్లు కూడా ఉంటాయి కనుక డబ్బా మీది నంబరు, లోపలి భాగం మీద పోతపోసిన నంబరు ఒకటేనా, అచ్చు అక్షరాలు చెదిరి ఉన్నాయా, ఎమ్మార్పీ మీద మరో స్టిక్కరు అంటించారా చూసుకోండి. జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు తప్పకుండా తీసుకోండి. బిల్లు ఇవ్వడానికి వెనుకాడే చోట బ్రేకు సామాను కొనవద్దు.

ప్యాడ్లు, డిస్కులు, షూలు, డ్రమ్ములు

తేలికపాటి పాత కారుకు ఎక్కువ లోహం కలిసిన గట్టి ప్యాడ్లు అవసరం లేదు. అవి చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టకపోవడమే కాక డిస్కును త్వరగా తినేస్తాయి. కంపెనీ మొదట వేసిన తరగతివే తీసుకోండి. కొన్ని ప్యాడ్ల అంచున ఎఫ్ఎఫ్, జీజీ వంటి రెండక్షరాల గుర్తు ఉంటుంది. మొదటి అక్షరం చల్లగా ఉన్నప్పటి పట్టును, రెండోది వేడెక్కినప్పటి పట్టును తెలుపుతాయి. 'ఈ' (E) అనే అక్షరం 0.25 నుంచి 0.35 వరకూ, ఎఫ్ 0.35 నుంచి 0.45 వరకూ, జీ 0.45 నుంచి 0.55 వరకూ ఉన్న ఘర్షణ గుణకానికి గుర్తులు. పాత కంపెనీ ప్యాడు మీద ఎఫ్ఎఫ్ ఉంటే కొత్తదీ అదే కావాలి. రెండో అక్షరం మొదటిదానికంటే తక్కువ తరగతిదైతే వేడిలో పట్టు తప్పుతుందని గ్రహించాలి.

డిస్కు మీద గానీ దాని మధ్య టోపీ మీద గానీ కనీస మందం ముద్రించి ఉంటుంది. దానిని వెర్నియర్‌తో అడ్డంగా కొలిస్తే తప్పు వస్తుంది. ఎందుకంటే ప్యాడు తగలని బయటి అంచు అరగకుండా గట్టులా మిగిలిపోయి, కొలబద్ద దవడలు ఆ గట్టు మీదే ఆగిపోతాయి. మైక్రోమీటరుతో లోపలి దారిలో నాలుగైదు చోట్ల కొలిపించండి. లేత్ మీద చెక్కించాక కూడా కనీస మందానికి పైన మిగిలితేనే చెక్కించాలి. కొత్త డిస్కు వేసేటప్పుడు హబ్ ముఖాన ఉన్న తుప్పును ఇనుప బ్రష్‌తో పూర్తిగా గీరి తీయకపోతే కొత్తది కూడా ఊగుతుంది, బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగు వణుకుతుంది. ఆ తప్పు డిస్కుది కాదు. తీరప్రాంతంలో రాత్రి నిలిపిన బండికి పొద్దున డిస్కు మీద కనిపించే ఎర్రటి పొర రెండు మూడు బ్రేకులతో పోతుంది, దానికి కంగారుపడి ఏదీ మార్చనక్కరలేదు.

డ్రమ్ముకు మాత్రం గరిష్ఠ లోపలి కొలత రాసి ఉంటుంది, అంతకు మించి చెక్కించిన డ్రమ్మును తీసేయాలి. షూకు అంటించిన లైనరు మీద బ్రేక్ ఆయిలు గానీ బేరింగ్ గ్రీజు గానీ పడితే కడిగి వాడవద్దు, అది లోపలికి ఇంకిపోతుంది. మునిగిన రోడ్డు మీద నడిపిన తర్వాత వెనక డ్రమ్ములు విప్పించి మంచినీటితో కడిగి ఆరబెట్టించండి. వర్షాకాలంలో బండిని వారాల తరబడి నిలిపి ఉంచేటప్పుడు హ్యాండ్ బ్రేకు వేసి వదలకండి, షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. గేరులో ఉంచి చక్రాలకు ఇటుకలు పెడితే చాలు. చాలా పాత బండ్ల లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ ధూళిని కంప్రెసర్ గాలితో ఊదించవద్దు, నీటితో తడిపి గుడ్డతో తుడిపించండి. మెకానిక్ పక్కన పిల్లలు పనిచేస్తుంటే ఈ మాట మరీ గట్టిగా చెప్పండి.

ప్యాడ్లు, షూలు, డిస్కులు, డ్రమ్ములు, షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు ఏవైనా ఒకే ఇరుసుకు రెండు వైపులా కలిపే మార్చాలి. ఒకవైపే మారిస్తే తొక్కినప్పుడు బండి పక్కకు లాగుతుంది, ఇరుకైన కాలువ గట్టు రోడ్డు మీద ఆ లాగుడు కాలువలోకే.

బుష్షులు, బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు

సస్పెన్షన్‌లో ముందు చూడవలసినవి బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండులు, ఎందుకంటే ఇవి ఊడితే చక్రం మీ మాట వినదు. రబ్బరు తొడుగు చిరిగి లోపలికి బురదనీరు చేరిన జాయింటులో ఆట ఇంకా రాకపోయినా దానిని మార్చవలసినదాని కిందే లెక్కవేయండి.

తర్వాత బుష్షులు. ఇక్కడ చాలామంది మొత్తం లోయర్ ఆర్మునే మార్చేస్తారు. బాల్ జాయింటు ఆర్ముతో కలిసే వచ్చే బండ్లలో అది తప్పదు. విడిగా వచ్చేవాటిలో మాత్రం, కంపెనీ పాత ఆర్ము వంగకుండా, తుప్పుకు చిల్లు పడకుండా ఉంటే దానినే ఉంచి, మంచి బుష్షును ప్రెస్సు మీద ఎక్కించడం మేలని నేను నమ్ముతాను. చవక ఆర్ముల ఉక్కు కంటే ఇరవై ఏళ్ల నాటి ఆ ఉక్కే నమ్మదగినది. బుష్షును సుత్తితో కొట్టి ఎక్కించనివ్వవద్దు. పాలీయురేథేన్ బుష్షులు ఎక్కువ కాలం వస్తాయని అంటారు గానీ అవి గట్టివి, రోడ్డు దెబ్బను క్యాబిన్‌లోకి తెస్తాయి, బురద చేరితే కీచుమంటాయి. ఊరికి నాలుగు స్పీడు బ్రేకర్లున్న మన రోడ్లకు రబ్బరే సరి.

బుష్షు ఎంత మంచిదైనా బిగించే పద్ధతి తప్పితే ఆరు నెలలు నిలవదు. బండి జాకీ మీద ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడు ఆర్ము బోల్టును పూర్తిగా బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు శాశ్వతంగా మెలిపడి ఉంటుంది. బోల్టును వదులుగా ఉంచి, బండిని నేలకు దించి, బరువు చక్రాల మీద పడ్డాక ఆఖరి బిగువు ఇవ్వాలి. మీరు షెడ్డులో నిలబడి చూడగలిగేది ఒక్కటే పని అయితే, ఇదే చూడండి.

షాక్ అబ్జార్బర్లను చివర ఉంచాను. పైభాగంలో పలుచని నూనె తేమ, దాని మీద దుమ్ము ఉంటే కొంతకాలం ఆగవచ్చు, నూనె చారలుగా కిందికి దిగుతుంటే మార్చాలి. బండి మూలను నొక్కి వదిలితే ఒకసారి లేచి ఆగాలి, రెండు మూడుసార్లు ఊగితే అది అయిపోయింది. అయితే ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన బాగున్నట్టు కాదు, టైరు మీద అక్కడక్కడా గుంటలుగా అరుగుదల ఉందేమో కూడా చూడండి. పాత నూనె తీసి కొత్తది పోసి రంగు వేసిన రీకండిషన్ స్ట్రట్లను ఎంత చవకైనా కొనవద్దు. స్ట్రట్ మార్చేటప్పుడు పైన మౌంటు, దాని బేరింగు, లోపలి బంప్ స్టాపు, దుమ్ముతొడుగు కూడా మార్చండి, ఎందుకంటే వీటిలో ఒకటి మిగిలినా అదే కూలి మళ్లీ ఇవ్వాలి. కుదించిన స్ప్రింగు విడిపోతే మనిషి ప్రాణం తీయగలదు. సరైన స్ప్రింగ్ కంప్రెసర్ లేని చోట ఆ పని చేయించవద్దు.

వడ్ల బస్తాలో కొబ్బరికాయలో వెనక వేసుకునే అలవాటున్నవారు బండి వెనక కుంగిందని స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు దిమ్మలు పెట్టిస్తుంటారు. దానివల్ల ఎత్తు వస్తుంది గానీ స్ప్రింగు సగం చుట్లు పనిచేయక, భారమంతా మిగతా చుట్ల మీదా మౌంటు మీదా పడుతుంది. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకూ నాలుగు వైపులా కొలిచి, కుడి ఎడమల తేడా గానీ కుంగుదల గానీ తేలితే స్ప్రింగులే జతగా మార్చండి. రంగు గుర్తులు ఉంటే పాతవాటితో సరిచూసుకోండి. అంబాసడర్, బొలెరో వంటి కమాన్ కట్టల (పట్టీల స్ప్రింగుల) బండ్లకు అదనపు పట్టీ వేయించేకంటే కట్ట చివర ఉండే షాకిల్ బుష్షులు, యూ బోల్టులు కొత్తవి వేయించడం ముందు పని.

బిగించాక

బండిని కదిలించే ముందు పెడలును గట్టిపడేదాకా పలుమార్లు తొక్కండి. కొత్త ప్యాడ్లు వేశాక పిస్టన్ వెనక్కి వెళ్లి ఉంటుంది గనుక మొదటి తొక్కుడుకు బ్రేకు పడదు. తర్వాత పెడలును నిమిషం పాటు బలంగా నొక్కి ఉంచి, ఇంకొకరిని ప్రతి జాయింటు దగ్గరా తడి చూడమనండి. రద్దీ లేని రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 వరకూ మెల్లగా తగ్గిస్తూ, పూర్తిగా ఆగకుండా, మధ్యలో చల్లారే వ్యవధి ఇస్తూ ఇరవై సార్లయినా చేయండి. ప్యాడు డిస్కుకు అలవాటు పడేది ఇలాగే. మొదటి 200 కిలోమీటర్లలో అవసరం లేకుండా గట్టి బ్రేకు వేయవద్దు.

స్ట్రట్, లోయర్ ఆర్ము, టై రాడ్ ఎండు, వీటిలో ఏది మార్చినా అదే రోజు వీల్ అలైన్‌మెంట్ చేయించండి. వంద కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు, యూ బోల్టులు మళ్లీ బిగించి చూడండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసి మరో 5 ఏళ్లకు పునరుద్ధరించుకోవలసిన బండి అయితే, తనిఖీ తేదీకి నెల ముందే ఈ పనులు ముగించుకుంటే తేలే లోపాలను సరిచేసుకోవడానికి సమయం ఉంటుంది. నరసాపురం–సఖినేటిపల్లి పంటు మీద తరచూ దాటేవారు, తీరగ్రామాలవారు వారానికొకసారి బండి కింది భాగాన్ని, చక్రాల లోపలివైపును మంచినీటితో కడగండి. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల గడ్డి లోయర్ ఆర్ము మీదా ఇరుసుకూ చుట్టుకొని ఉంటే తీసేయండి, అది తడిని పట్టి ఉంచుతుంది.

విప్పిన పాత భాగాలను షెడ్డులో వదిలిరావద్దు. ఒక సంచిలో వేసి, బిల్లు నకలుతో పాటు, మార్చిన తేదీ, ఆనాటి మీటరు అంకె రాసిన చీటీ కట్టి నెల రోజులు ఇంట్లో ఉంచండి. కొత్త భాగంలో తేడా వస్తే దుకాణంలో చూపించడానికి అవే సాక్ష్యం.